ఎవరో రాసిన మాటకు నా మీద పరువు నష్టం కేసు నిలుస్తుందా?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. నయీంనగర్, కిషన్‌పుర హాస్టళ్ల గురించి విద్యార్థులు తమ అనుభవాలు రాసుకోవడానికి మూడేళ్ల కింద చిన్న వెబ్‌సైట్ పెట్టాను.

మొన్న రిజిస్టర్డ్ పోస్టులో వకీలు నోటీసు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది అమ్మ, అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఒక అబ్బాయి ఓ హాస్టల్ ఓనర్‌ను "అడ్వాన్సు ఎగ్గొట్టే దొంగ" అని రాశాడు. పదిహేను రోజుల్లో అది తీసేసి క్షమాపణ చెప్పాలట, లేకపోతే 10 లక్షలకు దావా వేస్తారట. అడ్వాన్సు తిరిగి ఇయ్యని మాట నిజమే కావచ్చు, కానీ 'దొంగ' అనడం నాకూ నచ్చలేదు.

ఐటీ చట్టం 2000లోని 79వ సెక్షన్ ఇతరులు పెట్టిన రాతల విషయంలో సైట్ నడిపేవాళ్లకు రక్షణ ఇస్తుంది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చాక కూడా తీసెయ్యకపోతేనే ఆ రక్షణ పోతుందని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు నోటీసు ఆ లెక్కలోకి రాదనే అనుకుంటున్నాను.

నా అసలు టెన్షన్ వేరే. రాతను సైట్ వాళ్లు మార్చకూడదన్న షరతు కూడా 79లోనే ఉంది. అక్షర దోషాలు దిద్ది, పైన "ఈ హాస్టల్‌తో జాగ్రత్త" అని హెడ్డింగ్ పెట్టింది నేనే. అంతమాత్రానికే రక్షణ పోతుందా? బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో పరువు నష్టం గురించిన 356వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చా? ఇప్పుడు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా? ఆ అబ్బాయి ఫోన్ నంబర్ అడుగుతున్నారు, వాడి చదువు పాడవుతుందని ఇవ్వబుద్ధి కావట్లేదు.

వరంగల్ కోర్టులో ఇలాంటి కేసులు చూసిన వకీళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. జవాబు ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.