రబ్బరు పాల కణాల పైపొరను చూడటం ఎట్లా?

అన్నలూ, అక్కలూ, మాది నల్గొండ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నా. ప్రాజెక్టు కోసం కేరళ నుంచి అమ్మోనియా కలిపిన రబ్బరు పాలు తెప్పించుకున్నా. ఒక చుక్కను బాగా పలచన చేసి, స్లైడు మీద వేసి, 100ఎక్స్ ఆయిల్ లెన్సు కింద చూస్తే సన్నటి గింజల్లాంటివి ఒక్కచోట నిలవకుండా వణుకుతూ కనిపించాయి, చూసినకొద్దీ చూడాలనిపించింది.

కానీ నాకు కావాల్సింది వాటి పైపొర. లోపల పాలీఐసోప్రీన్ (అంటే అసలు రబ్బరు), చుట్టూ ప్రొటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు (ఒక రకం కొవ్వులు). ఆ పొరకున్న రుణావేశం వల్లే కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి, యాసిడ్ పడగానే ఆ ఆవేశం పోయి పాలు గడ్డకడతాయి. పొర మందం నానోమీటర్లలో ఉంటుంది, మామూలు మైక్రోస్కోపుకేమో 0.2 మైక్రాన్ల (200 నానోమీటర్ల) కన్నా చిన్నది అందదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపుదామంటే, ఆరబెట్టగానే కణాలన్నీ అతుక్కుపోయి జిగురు పొరలా అయిపోతున్నాయి. ఆస్మియం టెట్రాక్సైడ్ అనే రసాయనంతో కణాలను ముందే గట్టిపరచాలట, అది చాలా విషం, మా ల్యాబులో లేదు. ఇంకో దారి ఉందా? పలచన చేయడానికి ఉత్త నీళ్లు వాడాలా, అమ్మోనియా నీళ్లా? హైదరాబాద్‌లో బయటి విద్యార్థుల శాంపిళ్లు తీసుకునే ల్యాబు తెలిస్తే దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.