క్లౌడ్ నిల్వకు అన్ని జట్లకూ ఒకే ఉమ్మడి లైబ్రరీ అవసరమా?

గట్టుమనిషి:
మా సంస్థలో నాలుగు జట్లు అమెజాన్ ఎస్3, మైక్రోసాఫ్ట్ అజూర్ బ్లాబ్ స్టోరేజ్ అనే రెండు క్లౌడ్ నిల్వ సేవలతో పనిచేస్తున్నాయి. ఫైలు ఎక్కించడం, విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం, యాక్సెస్ కీలు మార్చడం వంటి పనులకు ఎవరి కోడ్ వారు విడిగా రాసుకున్నారు. దీన్నంతటినీ అందరూ వాడుకునే ఒకే కోడ్ లైబ్రరీగా మార్చాలని ప్రతిపాదించాను. అభ్యంతరాలుంటే తెలుపగలరు.

పాతకాపు:
ఈ సేవలు పైకి ఒకేలా కనిపిస్తాయి గాని లోపల వేరు. ఎస్3లో ఫైళ్లుంచే సాధారణ బకెట్‌లో పేరు మార్చే క్రియే లేదు. కాపీ చేసి పాతదాన్ని తొలగించాలి. అజూర్‌లో హైరార్కికల్ నేమ్‌స్పేస్ (నిజమైన ఫోల్డర్ల అమరిక) ఉన్న ఖాతాలోనైతే ఫోల్డర్ మొత్తం పేరు ఒక్క క్రియతో మారిపోతుంది. మీరు రీనేమ్ అనే ఒకే ఫంక్షన్ పెడితే, పదివేల ఫైళ్లున్న ఫోల్డర్‌కు ఎస్3లో పదివేల కాపీలు అవసరమవుతాయి. అది సగంలో ఆగిపోతే ఏం చేస్తారు?

గట్టుమనిషి:
రీనేమ్ పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఉమ్మడి లైబ్రరీ ఎందుకంటున్నానో చెబుతాను. ఎస్3లో పెద్ద ఫైలును ముక్కలుగా ఎక్కించేటప్పుడు 10,000 ముక్కలకు మించకూడదు. మా జట్టు ఒకటి ముక్క పరిమాణాన్ని 5 ఎంబీగా స్థిరపరచింది. దాంతో 50 జీబీ దాటిన బ్యాకప్ గంటల తరబడి ఎక్కి, చివరలో విఫలమైంది. దాన్ని సరిదిద్దిన మూడు నెలలకే మరో జట్టు అచ్చంగా అదే తప్పు చేసింది.

చిరుజల్లు:
వేర్వేరు క్లౌడ్ సేవలను ఒకే తీరుగా వాడనిచ్చే అపాచీ లిబ్‌క్లౌడ్ అనే లైబ్రరీ ఉండగా మళ్లీ రాయడం దేనికి?

గట్టుమనిషి:
అది పైథాన్ భాషకే పరిమితం. మా జట్లలో రెండు గో భాషలో రాస్తాయి.

పాతకాపు:
ఇప్పుడు వద్దన్నా, రీనేమ్ కావాలని రేపు ఎవరో ఒకరు అడుగుతారు, మీరు పెడతారు. నేను లోగడ పనిచేసిన చోట ఇటువంటి లైబ్రరీయే ఉండేది. అది మూడుసార్లు ప్రయత్నించేది, దాని కిందనున్న ఎస్‌డీకే (క్లౌడ్ సంస్థ ఇచ్చే కోడ్ కిట్) ప్రతిసారీ మరో మూడుసార్లు ప్రయత్నించేది. సేవ నెమ్మదించిన సంక్రాంతి రాత్రి ఒక్కో అభ్యర్థన తొమ్మిదై దాని మీద పడింది. రాసినవారు అప్పటికే వేరే జట్టుకు వెళ్లిపోయారు కనుక ఫోను నాకు వచ్చింది.

గట్టుమనిషి:
ఎక్కడో కాలిన చెయ్యి చూపించి, ఇక్కడ పొయ్యి వెలిగించవద్దంటున్నారు. ఇది వాదన కాదండీ, కక్ష.

పాతకాపు:
పొయ్యి నిరభ్యంతరంగా వెలిగించండి. రాత్రిపూట దాని దగ్గర ఎవరు కూర్చుంటారో మాత్రం చెప్పండి.

నీలిమబ్బు:
రీనేమ్ సంగతి అలా ఉంచితే, నేనూ ఇదే అడగాలనుకున్నాను. ఈ లైబ్రరీ నిర్వహణకు ఎందరిని కేటాయించారు?

గట్టుమనిషి:
ఎవరినీ కేటాయించలేదు. శుక్రవారం మధ్యాహ్నాలు నన్నే చూసుకోమన్నారు.

పాతకాపు:
మరి తక్కిన రోజుల్లో?

గట్టుమనిషి:
సరే. ముక్క పరిమాణాన్ని ఫైలును బట్టి లెక్కగట్టే ఫంక్షన్‌ను, దాని టెస్టులను మాత్రమే ముందు పంచుకుంటాను. మిగిలినదంతా, బాధ్యత వహించే మనిషిని ఇచ్చాకే. రీనేమ్ గురించి మాత్రం మళ్లీ అడగకండి.

పాతకాపు:
అడుగుతాను.