నిలబడి కొట్టే సాధనకు గురి ఎంత పెద్దదిగా పెట్టుకోవాలి?

కొబ్బరితోట (ప్రశ్న):
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా తోటలో, ఎత్తైన మట్టిగట్టు ముందు ఇసుక బస్తాలు పేర్చుకొని, 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో ఫీల్డ్ టార్గెట్ (ఇనుప గురిలోని రంధ్రం గుండా కొట్టి, వెనకున్న రేకును పడగొట్టే పోటీ) సాధన చేస్తున్నాను. కూర్చుని కొట్టినప్పుడు 20 మీటర్లలో పెల్లెట్లన్నీ రూపాయి బిళ్లంత మేరలోనే పడతాయి గాని, నిలబడి, దేనికీ ఆనుకోకుండా కొడితే చెల్లాచెదురవుతున్నాయి. పోటీల్లో నిలబడి కొట్టవలసిన గురికి సాధారణంగా 40 మి.మీ. రంధ్రం ఉంటుందని చదివి, దాదాపు అంతే ఉండే క్యారమ్స్ స్ట్రయికర్‌ను అట్ట మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాను. నిన్న 20 పెల్లెట్లు కొడితే లోపల పడ్డవి ఏడు. నెల రోజులుగా ఇదే వరస. గురి పెద్దది చేస్తే చేతికి అలసత్వం అలవాటవుతుందేమోనని భయంగా ఉంది, ఇలాగే కొనసాగిస్తే మనసు విరిగిపోయేలా ఉంది. ఏ కొలత పెట్టుకోమంటారు?

కాకినాడ గురి:
తోట గారూ, పోటీ కొలతనే సాధన కొలతగా తీసుకోవడం వల్ల ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం. 40 మి.మీ. అన్నది మీరు చేరవలసిన చోటు. ఎక్కడ మొదలుపెట్టాలో మీ సొంత ఊగిసలాటే చెప్పాలి. గీతలేమీ లేని తెల్ల కాగితం మధ్యలో శనగగింజంత నల్లచుక్క మాత్రం పెట్టి, 20 పెల్లెట్లు నిదానంగా కొట్టండి. ఆ తరువాత చుక్క మీద కంపాస్ ముల్లు ఆనించి, 14 రంధ్రాలు లోపలికి వచ్చేంత వృత్తం గీయండి. మీరు చెప్పిన లెక్కను బట్టి దాని వ్యాసం 65, 70 మి.మీ. మధ్య వస్తుందనుకుంటున్నాను. ప్రస్తుతానికి అదే మీ గురి.

పదింట ఏడు తగులుతున్నప్పుడు, తప్పిన ఆ మూడూ ఎందుకు తప్పాయో మనసుకు పడుతుంది. పదింట ఆరేడు తప్పుతున్నప్పుడు ఏ పొరపాటు ఎక్కడ జరిగిందో తేలక, స్కోప్ గీతలు మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలన్న ఆత్రంతో ట్రిగ్గర్‌ను గుంజడం మొదలవుతుంది. ఆ గుంజుడు వదిలించుకోవడానికి నాకు ఒక వేసవంతా పట్టింది. ఇక మీ భయానికి విరుగుడు ఆ నల్లచుక్కే: లెక్క పెట్టడానికి పెద్ద వృత్తం, చూపు నిలపడానికి చిన్న చుక్క. వరుసగా మూడు రోజులు 20కి 16 దాటితే వ్యాసాన్ని 5 మి.మీ. తగ్గించండి. చేతులు అలసిన తరువాత కొట్టినవి లెక్కలోకి తీసుకోకండి.

గట్టుగాలి, భీమవరం:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక మాట కలుపుతాను. తుపాకి ఊగడం కోణంలో ఉంటుంది కనుక, దూరం సగమైతే గురి కూడా సగం కావాలి. 35 మీటర్లలో ఉన్న 40 మి.మీ. రంధ్రం, 10 మీటర్లలో సుమారు 11.4 మి.మీ. వృత్తంతో సమానం, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కార్డులో (వలయాలు అచ్చువేసిన కాగితపు గురి) పదో వలయం 11.5 మి.మీ., అంటే దాదాపు అదే. మీ 70 మి.మీ. వృత్తం 10 మీటర్లకు వచ్చేసరికి 35 అవుతుంది, ఎయిర్ రైఫిల్ కార్డులో మూడో వలయం 35.5 మి.మీ. ఆ కార్డు మీద ఒక్కో వలయం లోపలికి జరిగితే వ్యాసం 5 మి.మీ. తగ్గుతుంది, అంటే 20 మీటర్లలో 10 మి.మీ. తగ్గించినట్టు; మెట్టు కాస్త పెద్దదే గాని విడిగా గీసుకోవలసిన పని లేదు.

అయితే కార్డు మీద అంచు తగిలినా పాయింటు ఇస్తారు. ఇనుప గురికి మాత్రం అంచుకు తగిలిన పెల్లెట్ అక్కడే చితికి, రేకును పడగొట్టలేకపోవచ్చు. పైగా దూరం తగ్గినా పెల్లెట్ తగ్గదు. అందుచేత కాగితం మీద పెల్లెట్ చేసిన రంధ్రం మధ్యభాగం గీత లోపల ఉంటేనే తగిలినట్టు రాసుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక పెల్లెట్ కంటే ముందు మన ఒళ్లే ఊగుతుంది. కొబ్బరాకు కదలక ముందే, పొద్దున్నే తీసిన కొలతను ప్రామాణికంగా ఉంచుకొని, గాలిలో కొట్టినవి వేరే పేజీలో రాయండి. అట్టను చెట్టు మొద్దుకు మాత్రం కొట్టకండి, గట్టి చెక్కకు తగిలిన పెల్లెట్ వెనక్కి రాగలదు. కళ్లద్దాలు తప్పనిసరి.

కొబ్బరితోట:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈ ఉదయం ఆరింటికి తెల్ల కాగితం మీద కొట్టి కొలిచాను: 14 రంధ్రాలకు 68 మి.మీ. వచ్చింది. బయట పడ్డ ఆరింటిలో అయిదు కుడివైపు కిందకే ఉన్నాయి. స్ట్రయికర్ గీత మీద నెల రోజులు కొట్టినా ఈ సంగతి నాకు కనపడలేదు. రేపటి నుంచి ట్రిగ్గర్ వేలు సంగతి చూస్తాను.