మొదటి డీఎస్ఎల్ఆర్‌కు కిట్ లెన్సా, 50 మి.మీ. ప్రైమా?

తొలివెలుగు:
ఇంతకాలం ఫోనుతోనే ఫొటోలు తీశాను. ఇప్పుడు ఒకరు వాడిన నికాన్ డి3500 కొందామనుకుంటున్నాను. కెమెరాతో పాటే ఇచ్చే 18-55 మి.మీ. జూమ్ లెన్సుతో, అంటే కిట్ లెన్సుతో కలిపి తీసుకోవాలా, బాడీ ఒక్కటే తీసుకుని జూమ్ లేని 50 మి.మీ. ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్సు పెట్టుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను. ఎక్కువగా తీసేది ఇంట్లో మా పాపను, అప్పుడప్పుడు ప్రయాణాల్లో.

నీడలవేట:
50 తీసుకోండి. నా కారణం వెలుగే. కిట్ లెన్సును చివరిదాకా జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, 5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. 1.8 దానికి దాదాపు పదింతల వెలుగును లోపలికి రానిస్తుంది. రాత్రి ఒక్క దీపం కింద పాప బొమ్మలు పేర్చుకుంటోందనుకోండి. అదే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) మీద కిట్ లెన్సుతో షట్టర్ సెకనులో 13వ వంతు సేపు తెరిచి ఉండాలంటే, దీనికి 125వ వంతు చాలు. మొదటి ఫొటోలో చెయ్యి తెల్లని చారలా సాగిపోతుంది, రెండోదానిలో వేళ్లు విడివిడిగా కనిపిస్తాయి. కిట్ లెన్సులో కుదుపును తట్టుకునే ఏర్పాటు ఉంది కదా అంటారు. అది మీ చేతి వణుకును సరిచేస్తుంది, పాప కదలికను కాదు. జూమ్ లేకపోతే మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. నాకు ఫ్రేము కట్టడం ఆ నడకలోనే వచ్చింది.

పాతకెమెరా:
నడవడానికి చోటుండాలి కదా, నీడలవేట గారూ! డి3500 సెన్సర్ 35 మి.మీ. ఫిల్ము ఫ్రేముకంటే చిన్నది. దాని మీద 50 పెడితే ఫిల్ము కెమెరాలో 75 మి.మీ. లెన్సు చూపినంత మేరే కనిపిస్తుంది. నా మొదటి కెమెరాకు 50 ఒక్కటే ఉండేది. ఇంట్లో అందరూ కలిసిన రోజున వీపు గోడకు ఆనించి చూశాను. ఎనిమిది మందిలో ఐదుగురే పట్టారు. గుమ్మం బయటికి వెళ్లి చూస్తే తలుపు అంచు అడ్డొచ్చింది. పక్కన మిగిలిపోయిన ముగ్గురిలో మా పెద్దమ్మ ఒకరు. ఆమెతో అందరమూ ఉన్న ఫొటో మా ఇంట్లో ఈ రోజుకీ లేదు.

పైగా 1.8 దగ్గర, మీటరు దూరంలో ఉన్న ముఖంలో స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు దాటదు. కంటి మీద ఫోకస్ పెడితే చెవి మసకబారుతుంది. కదిలే పిల్లల మీద కొత్త చేతికి అది లొంగదు.

నీడలవేట:
గోడ మాట ఒప్పుకుంటాను, మసక మాట ఒప్పుకోను. 1.8 లెన్సును 1.8లోనే వాడాలని ఎవరన్నారు? ఎపర్చర్‌ను 2.8కి తగ్గించండి, లోతు పెరుగుతుంది. అప్పటికీ 5.6 కంటే నాలుగింతల వెలుగు మిగులుతుంది. గది చిన్నదైతే 35 మి.మీ. ఎఫ్ 1.8 ఉంది. నికాన్ దాన్ని 2009లో ఈ సైజు సెన్సర్ల కోసమే తెచ్చింది.

అరసెకను:
ఒక ముఖ్యమైన సంగతి మరిచారు. డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. పాత ఏఎఫ్-డి రకం 50 కొంటే రింగును చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉందేమో చూడండి, ఉంటే మోటారు లెన్సులోనే ఉన్నట్టు. వాడిన బాడీ కాబట్టి షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. లెన్సును వెలుగుకు ఎత్తి పట్టి లోపల సాలెగూడు పోగుల్లాంటి బూజు ఉందేమో చూడండి. ఉంటే వదిలేయండి.

పాతకెమెరా:
తొలివెలుగు గారూ, మా మాటలు పక్కన పెట్టి ఎవరిదైనా కిట్ లెన్సు అడిగి తెచ్చుకోండి. జూమ్ రింగు కదలకుండా ఒక రోజు 50 దగ్గర, ఒక రోజు 35 దగ్గర టేపు వేసి తీయండి.

తొలివెలుగు:
స్నేహితురాలి కెమెరా తెచ్చి అలాగే చేశాను. 50 దగ్గర, పాప నా వైపు పాకుతూ వచ్చిన ప్రతిసారీ నేను మంచం అంచుకు తగిలి ఆగిపోయాను. 35 దగ్గర ఆ ఇబ్బంది రాలేదు. కానీ దీపం వెలుగులో తీసిన ఇరవై ఫొటోల్లో కదలకుండా వచ్చినవి రెండే. నీడలవేట గారు చెప్పిన చారలు మిగతా అన్నిటిలోనూ ఉన్నాయి. అందుకే 50 ఆలోచన మానుకున్నాను, ఏఎఫ్-ఎస్ 35 కొంటాను. అయితే అది తర్వాత. వచ్చే నెల అమ్మమ్మ దగ్గర అందరం కలుస్తున్నాం. పాతకెమెరా గారి పెద్దమ్మ సంగతి చదివాక, ముందు కిట్ లెన్సుతోనే కొంటున్నాను.