కొత్త ఉద్యోగం, పిల్లల ప్లాన్: నరసన్నపేట చెల్లికి జవాబులు

ప్రశ్న

అప్పలూ, అన్నలూ, నమస్తే. మాది నరసన్నపేట. వచ్చే నెల స్కిల్డ్ వర్కర్ వీసా మీద మాంచెస్టర్ వస్తున్నాను, ఐటీ ఉద్యోగం. మావారు డిపెండెంట్‌గా వస్తారు. నాకు 31. రెండేళ్లలో టీమ్ లీడ్ అవ్వాలని ఉంది, పిల్లల్ని మరీ వాయిదా వెయ్యకూడదనీ ఉంది. పురిటికి పుట్టింటికే రావాలని అమ్మ ఇప్పట్నుంచే అంటోంది. ఏది ముందు పెట్టుకోవాలి?

జవాబు: రాజాం నుంచి, ఇక్కడ పేరోల్ పని

చెల్లీ, ముందు ఉద్యోగంలో చేరే తేదీ రాసిపెట్టుకో, మిగతా లెక్కలన్నీ దాన్నిబట్టే. మెటర్నిటీ లీవ్ 52 వారాలు, అది మొదటి రోజు నుంచీ నీ హక్కే. డబ్బుల సంగతి వేరు. ఎస్‌ఎంపీ అనే ప్రసూతి వేతనం 39 వారాలు వస్తుంది. మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం. తర్వాతి 33 వారాలకి ఏటా ఏప్రిల్‌లో మారే స్థిరమైన మొత్తం, 2025-26లో వారానికి 187.18 పౌండ్లు. ఆఖరి 13 వారాలకి ఏమీ రాదు. అద్దె కట్టుకునే ఇంటికి ఆ 187 ఏ మూలకీ చాలదు. అందుకని కనీసం ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే దిగండి.

ఎస్‌ఎంపీకి షరతు ఏంటంటే, డెలివరీ వారానికి ముందు వచ్చే 15వ వారం నాటికి అదే కంపెనీలో 26 వారాలు నిండాలి. వెనక్కి లెక్కేస్తే, ఆఖరి నెలసరి తేదీకి ముందే నువ్వు ఆ ఉద్యోగంలో ఉండాలని తేలుతుంది. చాలామందికి బెడిసికొట్టేది ఇక్కడే. మంచి ఆఫర్ వచ్చిందని మూడో నెలలో కంపెనీ మారతారు, ఎస్‌ఎంపీ పోతుంది. అప్పుడు మిగిలేది ప్రభుత్వం నేరుగా ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్. డెలివరీకి ముందు 66 వారాల్లో 26 వారాలు పనిచేసి, అందులో 13 వారాలు కనీసం 30 పౌండ్ల చొప్పున సంపాదించి ఉంటే అది వస్తుంది. పబ్లిక్ ఫండ్స్, అంటే మన వీసా మీద తీసుకోకూడని సర్కారు సాయాల లెక్కలోకి రాదు గనక వీసా మీద ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. కాకపోతే అందులో ఆ మొదటి 6 వారాల పెద్ద మొత్తం ఉండదు.

చాలా కంపెనీలు చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ ఇస్తాయి గానీ ఏడాదో రెండేళ్లో సర్వీసు అడుగుతాయి. తిరిగొచ్చాక కొన్నాళ్లు పనిచెయ్యకుండా మానేస్తే ఆ ఎక్కువ మొత్తం వెనక్కి కట్టమంటాయి. ఇదంతా స్టాఫ్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ఎవర్నీ అడక్కుండా చేరిన వారంలోనే చదువుకో.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆ 90 శాతం లెక్కకి తీసుకునేది దాదాపు 18 నుంచి 25 వారాల గర్భం మధ్య, సుమారు ఎనిమిది వారాల్లో పడిన జీతం. ఆ రోజుల్లో బోనస్ పడితే మొత్తం పెరుగుతుంది. పెన్షన్‌కో, ఎలక్ట్రిక్ కారుకో శాలరీ శాక్రిఫైస్ (జీతంలోంచి ముందే కొంత వదులుకోవడం) పెట్టుకుని ఉంటే తగ్గుతుంది. పెన్షన్ శాక్రిఫైస్‌ని ఆ రెండు నెలలూ తగ్గించుకోవచ్చేమో ముందే కనుక్కో.

టీమ్ లీడ్ అయ్యాకే పిల్లలు అని కూర్చోకమ్మా, ఆ పోస్టు ఎవరి చేతిలోనూ ఉండదు. లీవ్‌లో ఉండగా 10 కీపింగ్ ఇన్ టచ్ రోజులు పనిచెయ్యొచ్చు, ఎస్‌ఎంపీ పోదు. వాటిని ఒక్కో రోజూ చిల్లరగా ఖర్చుపెట్టకుండా అప్రైజల్ వారానికీ, ప్రమోషన్ ఇంటర్వ్యూకీ దాచుకో. ఆ రోజులకి జీతం ఎంతిస్తారో ముందే మెయిల్‌లో రాయించుకో. 2024 ఏప్రిల్ 6 నుంచి ఇంకో రక్షణ కూడా ఉంది. కడుపుతో ఉన్నానని చెప్పిన దగ్గర్నుంచి బిడ్డకి 18 నెలలు నిండేదాకా, నీ పోస్టు తీసేస్తే సరిపడే వేరే ఖాళీ ముందు నీకే ఇవ్వాలి. చెప్పకపోతే ఆ రక్షణ మొదలవదు. అందుకని 12 వారాల స్కాన్ అయ్యాక మేనేజర్‌కి రాతపూర్వకంగా చెప్పేయడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు: బొబ్బిలి నుంచి, వీసా కాగితాలు చూసే పని

అమ్మా, లీవ్‌లో జీతం తగ్గితే వీసాకి ఇబ్బంది లేదు, దాన్ని నియమాలే ఒప్పుకుంటాయి. చిక్కంతా తిరిగి పనిలోకొచ్చాక వస్తుంది. 2025 జూలై 22 నుంచి కొత్తగా వచ్చేవాళ్లకి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, లేదా నీ ఉద్యోగం కోడ్‌కి ఉన్న రేటు, ఏది ఎక్కువైతే అది. పార్ట్‌టైమ్ చేసినా ఆ 41,700 తగ్గదు. నీ జీతం 52,000 అనుకో. వారానికి నాలుగు రోజులకి దిగితే 41,600 అవుతుంది. వంద పౌండ్ల తేడాతో వీసా ప్రమాదంలో పడుతుంది. పనివేళలు మార్చమని అడిగే హక్కు మొదటి రోజు నుంచీ ఉంది, మేనేజర్ సరే అనొచ్చు కూడా. ఆయనకి ఈ లెక్క తెలియదు. సంతకం పెట్టేముందు కంపెనీలో వీసా స్పాన్సర్‌షిప్ చూసేవాళ్లతో సరిచూపించుకో.

దీనికో దారుంది. మెటర్నిటీ లీవ్‌లోనూ ఏడాది సెలవులు పోగవుతాయి. చట్టం ప్రకారం చూసినా, పండగ సెలవులు కలిపి ఏడాదికి 28 రోజులు. కంపెనీ ఒప్పుకుంటే తిరిగొచ్చాక వారానికొక సెలవు చొప్పున వాడుకో. 28 వారాలు నాలుగేసి రోజులే పని, జీతం పూర్తిగా.

ఇక పుట్టింటి పురుడు. శాశ్వత నివాసానికి వెళ్లేటప్పుడు ఏ 12 నెలలు తీసి చూసినా దేశం బయట 180 రోజులు దాటకూడదు. మెటర్నిటీ లీవ్ అన్న కారణానికి మినహాయింపు లేదు. విమానం 37 వారాల తర్వాత ఎక్కనివ్వరు, 28 దాటితే డాక్టరు ఉత్తరం అడుగుతారు. కాబట్టి ఏడో నెలలోనే బయల్దేరాలి. సూడిదలు, పురుడు, బారసాల, మూడో నెల దాటాక ప్రయాణం అంటూ కలుపుకుంటే 180 ఇట్టే దాటిపోతుంది. పైగా అక్కడ పుట్టిన బిడ్డకి పాస్‌పోర్టు, డిపెండెంట్ వీసా వచ్చేదాకా నువ్వూ ఆగిపోవాలి.

ఇక్కడే పుడితే 42 రోజుల్లో జననం రిజిస్టర్ చేయించాలి, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు. ఇద్దరూ వీసా మీదుంటే బిడ్డ బ్రిటిష్ కాదు. ఇక్కడ ఉన్నంతకాలం బిడ్డకి వీసా లేకపోయినా పర్వాలేదు. నరసన్నపేట తీసుకెళ్లి తిరిగి రావాలంటే మాత్రం డిపెండెంట్ వీసా ఉండాలి. అందులో హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టేది) పిల్లలకి ఏడాదికి 776 పౌండ్లు. పిల్లల కోసం సర్కారు ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కి మాత్రం అప్లై చెయ్యొద్దు. అది పబ్లిక్ ఫండ్స్, మీ వీసా షరతుకి విరుద్ధం.

జవాబు: సోంపేట నుంచి, మెటర్నిటీ వార్డులో నర్సు

విమానం ఎక్కేలోపు శ్రీకాకుళంలో కొన్ని పరీక్షలు చేయించుకో తల్లీ: హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్, థలసీమియా. ఈ చివరి రెండూ మీ ఆయనకీ చేయించు. నీ కుటుంబంలో కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం వాళ్లుంటే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, బీపీ కచ్చితంగా చూపించుకో. కిడ్నీ జబ్బు పైకి తెలియకుండా ఉండి, కడుపుతో ఉన్నప్పుడు బీపీగా బయటపడితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే గర్భానికి ముందే డాక్టరు చేత మార్పించుకోవాలి. ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి) రెండు డోసులు పడ్డాయో లేదో చూసుకో. ఇప్పుడు వేయించుకుంటే నెల్లాళ్లు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఫోలిక్ యాసిడ్ ప్రయత్నం మొదలుపెట్టిన నాటి నుంచి 12 వారాలదాకా రోజుకి 400 మైక్రోగ్రాములు. మన మందుల షాపులో ఎక్కువగా చేతికిచ్చేది 5 మిల్లీగ్రాములది. షుగర్ ఉన్నవాళ్లకీ, బాగా బరువున్నవాళ్లకీ డాక్టరు చెబితేనే అది.

ఇక్కడికి రాగానే జీపీ (మన ఏరియా డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకో. మొదటి కాన్పుకి సుమారు పది అపాయింట్‌మెంట్లు, అన్నీ బాగుంటే మిడ్‌వైఫే (కాన్పులు చూసే శిక్షణ ఉన్నావిడ) చూస్తుంది. స్కాన్లు మామూలుగా రెండే, 11-14 వారాల్లో ఒకటి, 18-21లో ఒకటి. నెలనెలా స్కాన్ లేదని మనవాళ్లు కంగారుపడతారు గానీ అది నిర్లక్ష్యం కాదు, ఇక్కడి పద్ధతే అంత. దక్షిణాసియా వాళ్లకి షుగర్ ముప్పు ఎక్కువని 24-28 వారాల్లో గ్లూకోజ్ పరీక్ష పెడతారు, మానెయ్యకు.

ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే జీపీ దగ్గరికి వెళ్లు. 36 నిండినవాళ్లు ఏడాది ఆగక్కర్లేదు. సర్‌చార్జ్ కట్టినవాళ్లకి కాన్పు ఉచితం గానీ ఐవీఎఫ్ అందులో లేదు, 2017 ఆగస్టు నుంచి సొంత డబ్బుతోనే. "తర్వాత చూసుకుందాం" అనేముందు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న

చాలా థాంక్స్. అయితే అమ్మనే ఇక్కడికి రప్పించుకుంటే? ఉద్యోగంలోకి వెళ్లాక బిడ్డని ఎవరు చూస్తారు?

జవాబు: బొబ్బిలి

అదే మేలు. విజిటర్ వీసా ఒక్కో రాకకి 6 నెలలదాకా. అమ్మ 37వ వారానికి దిగేలా టికెట్ తీసుకో. అత్తగారిని ఆవిడ వెళ్లే వారంలో రప్పిస్తే ఏడాది దాకా ఇంట్లో మనిషుంటుంది. అప్లికేషన్‌లో "కూతురి కాన్పుకి సాయం" అని ఉన్నదున్నట్టు రాయండి. జీతం పుచ్చుకుని పిల్లల్ని చూసే పనిలా కనిపించకూడదు. తిరిగి వెళ్తారనడానికి నాన్నగారి పెన్షన్ కాగితం, పొలం పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచెయ్యండి. బ్యాంకులో ముందురోజు ఒక్కసారిగా వేసిన పెద్ద మొత్తం అనుమానం తెప్పిస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఆవిడ బీపీ, షుగర్ దాచకుండా రాయించు, లేకపోతే క్లెయిమ్ ఇవ్వరు.

జవాబు: రాజాం

నర్సరీకి నాలుగో నెల గర్భంలోనే పేరిచ్చెయ్యి, వెయిటింగ్ లిస్టులు పొడుగు. తొమ్మిది నెలల నుంచి వారానికి 30 గంటలు ఉచితం అని ఆఫీసులో అందరూ చెబుతారు. తల్లిదండ్రులిద్దరికీ పబ్లిక్ ఫండ్స్ లేని వీసా అయితే అది రాదు. మూడేళ్లు నిండిన తర్వాతి టర్మ్ నుంచి ఇచ్చే 15 గంటలు మాత్రం అందరికీ. అంచేత మొదటి మూడేళ్లూ పూర్తి ఫీజు మీదే బడ్జెట్ వేసుకో. వాంతులు, విరేచనాలు అయితే తగ్గాక 48 గంటలదాకా బిడ్డని రానివ్వరు, ఆ రోజులకీ ఫీజు కట్టాల్సిందే. ఆ రెండ్రోజులు ఎవరు ఇంట్లో ఉంటారో మీవారూ నువ్వూ ఇప్పుడే మాట్లాడుకోండి. లేకపోతే ప్రతిసారీ నువ్వే ఆగిపోతావు, ప్రమోషన్ పోయేది అక్కడే. ఆయనకీ ఉద్యోగం దొరికితే షేర్డ్ పేరెంటల్ లీవ్‌కి అర్హతుందేమో చూడండి. నీ లీవ్‌లో మిగిలిన వారాలు ఆయన తీసుకోవచ్చు.