డబ్బెల్‌లో కిస్మిస్, ఖర్జూరం రుచికి ఏ ఈస్ట్?

డాలస్_బకెట్: ఈ వారం 5 గ్యాలన్ల డబ్బెల్ (బెల్జియం ముదురు రంగు బీరు) పెడుతున్నా. కిస్మిస్, ఖర్జూరం, అంజీర్ గట్టిగా తెలియాలి. వైట్ ల్యాబ్స్ కంపెనీ ఈస్ట్‌లు 500, 530, 540ల్లో ఏది? ఎంత వేడిలో ఉంచాలి? పొడి ఈస్ట్ అయినా ఓకే.

గోదారిగట్టు: కళ్లు మూసుకుని 540. బెల్జియంలో బీరు చేసే రోష్‌ఫోర్ మఠానిదంటారు. మహా నిదానం. పులియడం ఆగిపోయిందనుకుని సీసాల్లో పోస్తే పేలతాయి.

మాల్ట్_మామ: ఈస్ట్‌తో కిస్మిస్ రాదండీ. అది స్పెషల్ బి మాల్ట్ (మొలకెత్తించి బాగా వేయించిన బార్లీ), డార్క్ క్యాండీ సిరప్ (నల్ల చక్కెర పాకం) పని. ఈస్ట్ ఇచ్చేది అరటిపండు, లవంగం.

గోదారిగట్టు: ఒకే వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసాన్ని) రెండు బకెట్లలో పోసి, ఒకదాంట్లో తన రుచి పెద్దగా చూపని యూఎస్-05 ఈస్ట్, ఇంకోదాంట్లో 540 వేయండి. రెండూ ఒకేలా ఉంటే నేను బ్రూయింగ్ మానేస్తా.

మాల్ట్_మామ: తేడా లేదని ఎవరన్నారు? బెల్జియంలోని వెస్ట్‌మాలే మఠంలో డబ్బెల్‌కీ, లేత రంగు ట్రిపెల్‌కీ ఈస్ట్ ఒకటే. ట్రిపెల్‌లో కిస్మిస్ ఏదీ? నేను బీజేసీపీ (బీరు పోటీల) జడ్జిని, ఊరికే చెప్పట్లేదు.

గోదారిగట్టు: జడ్జి అయితే కోర్టుకెళ్లండి సార్.

లీడ్స్_లక్ష్మి: మీకెప్పుడూ బెల్జియమేనా? విండ్సర్ అనే ఇంగ్లిష్ పొడి ఈస్ట్ వాడి చూడండి. మాల్టోట్రయోస్ అనే మాల్ట్ చక్కెర దానికి అరగదు కాబట్టి తీపి మిగిలిపోతుంది, ఎండుపండు రుచి నాలుక మీద నిలుస్తుంది. లవంగం గోల కూడా ఉండదు. నా ఓల్డ్ ఏల్ (ఇంగ్లిష్ తరహా బీరు) తాగి మా క్లబ్‌వాళ్లు ఖర్జూరాలు కలిపావా అని అడిగారు!

కూకట్‌పల్లి_కుర్రోడు: అన్నా, ఇది హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకోవచ్చా?

డాలస్_బకెట్: వద్దు తమ్ముడూ, లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే. ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ చట్టం మీద సంతకం పెట్టాక కుదిరింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు.

కూకట్‌పల్లి_కుర్రోడు: మరి కల్లులో ఏ ఈస్ట్ వేస్తారు?

గోదారిగట్టు: ఎవరూ వేయరు బాబూ, చెట్టుమీద కుండలోనే పులుపెక్కుతుంది. దానికీ జడ్జిగారు మాల్ట్ వేయమంటారేమో.

మాల్ట్_మామ: వెటకారం తగ్గించుకో.

డాలస్_బకెట్: వేడి సంగతి ఎవరైనా చెబుతారా?

లీడ్స్_లక్ష్మి: 540 అయితే 19 డిగ్రీల్లో వేసి, నురగ బాగా లేచాక మెల్లగా 22, 23కి వెళ్లనివ్వండి. మొదటిరోజే వేడి తగిలితే నెయిల్‌పాలిష్ కంపు రావచ్చు. తర్వాత కొన్ని నెలలు ముట్టుకోకండి.

మాల్ట్_మామ: స్పెషల్ బి అర పౌండు వేయడం మర్చిపోకండి.

గోదారిగట్టు: మళ్లీ మొదలెట్టారు.