పువ్వూ ఆకూ లేకపోతే అది ఇకెబానా అవుతుందా?

కొమ్మచివర: టోక్యోలో సోగెత్సు అనే బడి పద్ధతిలో ఇకెబానా, అంటే జపాన్ వాళ్ళ పూల అమరిక కళ, నేర్చుకుంటున్నాను. పోయిన వారం మా పైతరగతి వాళ్ళు ఇనప తీగ, ప్లాస్టిక్ గొట్టాలతో ఒక అమరిక చేశారు. ఒక్క ఆకు లేదు, చుక్క నీళ్ళు లేవు. బాగుంది, కాదనను. కానీ దాన్ని ఇకెబానా అనడానికి నాకు నోరు రాలేదు. 'ఇకేరు' అన్న మాటలో ప్రాణంతో ఉంచడం అనే అర్థం ఉంది, 'హానా' అంటే పువ్వు. రెండూ లేనప్పుడు ఆ పేరెందుకు?

గడపపూలు: నేను ఒప్పుకోనండి. ఈ కళ ఎప్పుడూ ఒక్కచోట ఆగలేదు. క్యోటో రొక్కకుదో ఆలయ పూజారి ఇకెనోబో సెంకెయి అమర్చిన పూలు చూడ్డానికి జనం పోటీపడ్డారని 1462 నాటి ఒక డైరీలో ఉంది. తర్వాత వచ్చిన రిక్కా అమరికలు ఎత్తుగా, కొండనూ వాగునూ తలపించేలా ఉండేవి. 19వ శతాబ్దం చివర్లో ఒహరా ఉన్షిన్ వెడల్పాటి పళ్ళెంలో, విదేశీ పూలను కూడా కలుపుకుని అమర్చే మోరిబానా పద్ధతి మొదలుపెట్టాడు. ఇవాళ చాలామంది మొదటి పాఠం అదే! 1927లో సోగెత్సు స్థాపించిన తెషిగహరా సోఫు ఏ వస్తువుతోనైనా చేయవచ్చన్నాడు. ఆ బడిలో చేరి ఆ బడి మూలసూత్రాన్నే కాదంటే ఎలా?

కొమ్మచివర: మారకూడదని నేను అనడం లేదు. మీరు చెప్పిన మార్పుల్లో పాత్ర మారింది, ఎత్తు మారింది, పువ్వు జాతి మారింది. పెరిగేదీ వాడిపోయేదీ మాత్రం పోలేదు కదా.

ఫిబ్రవరిలో ఊమె అనే పూలచెట్టు కొమ్మ ఒకటి తెచ్చి, ముళ్ళ దిమ్మ కెంజాన్ మీద గుచ్చాను. అన్నీ మొగ్గలే. ఎడమవైపు కావాలనే ఖాళీ వదిలాను. మూడో రోజు పొద్దున నీళ్ళు మార్చబోతే, ఆ ఖాళీ వైపు తిరిగిన మొగ్గలు రెండు విచ్చుకుని ఉన్నాయి. నేను అనుకున్న రూపమే మారిపోయింది. అడ్డొచ్చిన చిన్న రెమ్మను కత్తిరించి మళ్ళీ సర్దాను. ఆ నాలుగు రోజులు కొమ్మ ఒక మాట అంటే నేనొక మాట అన్నట్టు గడిచింది. ఇనప తీగ అలా మాట్లాడదు. నేను వంచినట్టే పడి ఉంటుంది.

వెదురుపొద: సోఫు గారి అబ్బాయి హిరోషి, సినిమా దర్శకుడు, 1980లో సోగెత్సు అధిపతి అయ్యాక చీల్చిన వెదురుతో మనిషి నడిచి వెళ్ళేంత పెద్ద దారులు కట్టారు. వాటిలో పువ్వు లేదు. అవీ కాదంటారా?

కొమ్మచివర: వెదురుకు ఒప్పుకుంటానండి. ఎండుకొమ్మకూ ఒప్పుకుంటాను. ఒకప్పుడు నీళ్ళు తాగి పెరిగిన గుర్తు వాటి కణుపుల్లో ఉంటుంది. అందుకే 'పువ్వు' అన్న నా మొదటి మాట ఇరుకైనదే, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ప్లాస్టిక్ గొట్టం దగ్గర మాత్రం కదలను. వచ్చే ఏడాది ఆ పాఠం నాకూ వస్తుంది. ఆ రోజు గొట్టాల మధ్య ఒక పచ్చి రెమ్మ పెట్టనివ్వమని మా టీచర్ గారిని అడుగుతాను.